చిన్నమ్మలు మొహం చూసి తాగే అంబలి

అనకాపల్లి బెల్లం మార్కెట్ వెనక గేటు దగ్గర అంబలి బండి పెట్టుకునే చిన్నమ్మలు తన అరవై ఏళ్ళ బతుకులో అన్నిటికన్నా ఎక్కువసార్లు పలికిన మాట ఒకటుంది. దేవుడి పేరు కాదు, కొడుకు పేరూ కాదు. "ఛీ". వీధి కుళాయి దగ్గర ఎవడో పళ్ళు తోముకుంటూ పక్కవాళ్ళ బిందె మీద తుంపర్లు పడేలా ఉమ్మితే ఛీ. ఇడ్లీ బండివాడు ముక్కు చీది, ఆ చెయ్యి లుంగీకి రాసుకుని, అదే చేత్తో చట్నీ వేస్తే ఛీ. షేర్ ఆటోలో పక్కన కూర్చున్న పెద్దమనిషి చెవిలో వేలు పెట్టి తిప్పి, బయటికి తీసి, వచ్చినదాన్ని శ్రద్ధగా చూసుకుంటే ఛీ, ఛీ. పెళ్ళి భోజనాల్లో మజ్జిగ గ్లాసు ఎత్తి వెలుతురులో తిప్పి చూసి గానీ తాగేది కాదు. చుట్టాలు ఆవిడని పిలవడానికి భయపడేవారు, పిలవకపోవడానికి ఇంకా భయపడేవారు.

అలాంటి మనిషి చుట్ట కాల్చేది. అదీ అడ్డపొగ. నిప్పున్న కొస నోటి లోపల పెట్టుకుని పెదాలు బిగించి, అంట్లు తోముతూ, పిండి కలుపుతూ పీల్చేది. ఆ కంపు నాలుగిళ్ళ అవతలికి కొట్టేది. లోకంలో ఉన్న కంపులన్నిటిలో ఆ ఒక్కటీ ఆవిడ ముక్కుకి ఆనలేదు. మనుమరాలు మణికి మాత్రం బాగా ఆనింది. ఆరో క్లాసు పిల్ల. మామ్మ ముద్దు పెట్టుకోబోతే రెండు చేతులతో మొహం కప్పుకుని, "ఛీ, సుట్ట కంపు! దూరంగా జరుగు మామ్మా!" అని అరిచేది. ఊరందరికీ ఛీ చెప్పే మనిషికి ఎదురు ఛీ చెప్పగలిగింది ఆ గుంట ఒక్కర్తే. చిన్నమ్మలు పైకి కసురుకునేది గానీ లోపల్లోపల మురిసిపోయేది. "నా పోలికే. ముక్కు నాదే దీనిది" అని పదిమందికి చెప్పుకునేది.

ఆవిడ పుట్టింది రావికమతం పక్క పల్లెలో. పెళ్ళయ్యాక అనకాపల్లి వచ్చింది. మొగుడు సింహాచలం మార్కెట్లో బెల్లం దిమ్మలు మోసే కళాసీ. మంచివాడు, నవ్వుమొహం, తిండిపోతు. పాతికేళ్ళ కిందట ఒక పెళ్ళిలో మధ్యాహ్నం వండిన పప్పు సాయంత్రం మళ్ళీ వడ్డించారు. చిన్నమ్మలు విస్తరి దగ్గర వంగి వాసన చూసి, "ఛీ, తినకు" అంది. "నీకన్నీ ఛీయేనే" అని ఆయన నవ్వి రెండుసార్లు వేయించుకున్నాడు. మూడో రోజుకి వాంతులూ విరేచనాలతో పోయాడు. ఆ తరవాత ఎవరు నవ్వినా, వెక్కిరించినా, చిన్నమ్మలు తన నోటి దాకా వచ్చిన ఛీని మింగలేదు.

మొగుడు పోయాక అంబలి బండి పెట్టింది. చోడిపిండి, అంటే రాగిపిండి, అంబలికి మూలం అంతా కుండలో ఉంటుంది. నిన్నటి అంబలి కొంచెం కుండ అడుగున మిగల్చాలి, ఆ పులుపు ఇవాళ్టి పిండికి తోడవుతుంది. అంటే కుండ ఎప్పుడూ ఖాళీ అవ్వదు. చెడితే తప్ప చిన్నమ్మలు కుండ పాతికేళ్ళుగా ఖాళీ అవ్వలేదు. కానీ పులుపు వేరు, కుళ్ళు వేరు. రెంటికీ మధ్య ఉన్న సందు వెంట్రుకంత. వేసవిలో రాత్రికి రాత్రే పులుపు దాటి కుళ్ళులోకి పోతుంది. అది కంటికి కనబడదు, గడియారానికి అందదు. అందుకని రోజూ పొద్దున్నే చిన్నమ్మలు మూత తీసి, మొహం కుండ మీద పెట్టి, ఒక్క గుక్క వాసన పీల్చేది. కళాసీలు గ్లాసులు పట్టుకుని చుట్టూ నిలబడి ఆవిడ మొహం చూసేవారు. ముక్కు మామూలుగా ఉంటే గ్లాసులు ముందుకొచ్చేవి. ముక్కు చిట్లి, పై పెదవి పైకి లేచిందా, ఆ రోజుకి అంబలి లేదు. అడుగున ఉన్నది కాలవలోకి పోసేసి, పెరుగు చుక్కతో మళ్ళీ మొదలుపెట్టేది. కళాసీల మేస్త్రీ అప్పారావు అనేవాడు కదా, "మా అప్ప మొహమే మాకు డాక్టరు సర్టిఫికేట్రా" అని.

కరోనా పోయి కొన్నేళ్ళయింది. జనం మాస్కుల్ని అటకెక్కించి మరిచిపోయారు. అప్పుడు వచ్చింది ఈ కొత్త జ్వరం.

మొదట ఎక్కడో సముద్రాల అవతల, ఓడల్లో పనిచేసేవాళ్ళకి వచ్చిందన్నారు. మూడు రోజులు ఒళ్ళు వెచ్చబడుతుంది, నాలుగో రోజుకి తగ్గిపోతుంది. దగ్గు లేదు, ఆయాసం లేదు. ఇదీ ఒక జబ్బేనా అని అందరూ తేలిగ్గా తీసుకున్నారు. తరవాత ఫోన్లలో వీడియోలు రావడం మొదలైంది. సూటూ బూటూ వేసుకున్న దొర ఒకడు చెత్తకుండీలోంచి సగం కొరికిన రొట్టె తీసుకుని తింటున్నాడు. ఒకావిడ కుక్క నాకిన పళ్ళెంలో అన్నం పెట్టుకుంటోంది. చూసి అందరూ పడీ పడీ నవ్వారు. ఆ నవ్వులు ఆగకముందే చావులు మొదలయ్యాయి. జ్వరం ఎవరినీ చంపలేదు. జ్వరం పోతూ పోతూ మనిషిలోంచి రోత అనేదాన్ని పట్టుకుపోయింది, అంతే. వాసన తెలుస్తుంది. రుచి తెలుస్తుంది. పురుగు కళ్ళకి కనబడుతుంది కూడా. అది చూసి కడుపులో తిప్పడం మాత్రం ఉండదు. మనిషిని కుళ్ళుకీ మురుక్కీ దూరంగా లాగే తాడేదో తెగిపోయింది. ఆ తరవాత కలరా, టైఫాయిడ్, ఇంకా పేరు తెలియని రోగాలూ వచ్చి మనుషుల్ని దేశాలకి దేశాలే ఊడ్చేశాయి.

మన ఊరికి రాదులే అన్నవాళ్ళకే ముందు వచ్చింది.

ఆ రోజుల్లో అనకాపల్లి ఎలా ఉండేదో రాయాలంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. హోటళ్ళలో ఒకడు వదిలేసిన సాంబారు ఇంకొకడు పోయించుకుని తాగాడు. బెల్లం పెనాల మీద మడ్డి తేరితే తీసే నాథుడు లేడు, చీమలూ పీచూ మట్టీ కలిపే దిమ్మలు కట్టేశారు. మురిక్కాలవలో పడిన పిల్లాడి లాలీపాప్‌ని తల్లే తీసి, చీర కొంగుకి తుడిచి, మళ్ళీ నోట్లో పెట్టింది. దొడ్డికి వెళ్ళి చెయ్యి కడుక్కోవడం సగం ఊరు మానేసింది, ఎందుకు కడగాలో ఎవరికీ తోచలేదు. జబ్బు వచ్చినవాళ్ళని ఏమనుకుంటాం? అంతకన్నా రోత పుట్టించింది జబ్బు రాని వ్యాపారులు. ఎవరికీ తెలియదు కదా అని, పురుగు పట్టిన ఎండు చేపలు, బూజు పట్టిన పచ్చళ్ళు గోదాముల్లోంచి తవ్వి తీసి బజార్లో పోశారు. వాళ్ళకి రోత జ్వరంతో పోలేదు, ఎప్పుడో పోయింది.

చిన్నమ్మలుకి జ్వరం రాలేదు. ఎందుకు రాలేదో ఎవరికీ తెలియదు. వెయ్యిమందిలో ఒకరిద్దరికి అలా రాలేదట. ఊరంతా రోత మరిచిపోయి తిరుగుతుంటే ఆవిడ ఒక్కర్తే అందరి రోతా తన నెత్తిన వేసుకున్నట్టు పొద్దస్తమానం ముక్కు మూసుకుని తిరిగేది. ఇంట్లో కొడుకు లోవరాజు, కశింకోట రూట్లో షేర్ ఆటో నడుపుతాడు, జ్వరం తగ్గిన మర్నాడు ఆటో సీటు కింద ఎవరో మరిచిపోయిన అరటిపండు, నల్లగా కారిపోతున్నది, తొక్కతో సహా తిన్నాడు. కోడలు కొండతల్లి గిన్నెలు కడగడం మానేసింది. "మల్లీ అందల అన్నమే కదా అత్తా ఏసేది" అంది. చిన్నమ్మలు ఇద్దరికీ వేరే కుండ పెట్టి, ఏది తినాలో తనే చెప్పి, కాపలా కాసింది.

ఆ తరవాత మణికి వచ్చింది.

నాలుగో రోజు పొద్దున్న జ్వరం తగ్గి పిల్ల లేచింది. చిన్నమ్మలు పెరట్లో కట్టెలు ఏరుతోంది. లోపలికి వచ్చేసరికి మణి మంచినీళ్ళ బిందె దగ్గర గ్లాసు ఎత్తి తాగుతోంది. గ్లాసులో బొద్దింక. బతికున్నదే, కాళ్ళు కొట్టుకుంటోంది.

"ఒలమ్మో! పారెయ్యే గుంటా! బొద్దింకే అందల!"

మణి గ్లాసు దించి లోపలికి చూసి, మళ్ళీ మామ్మని చూసింది. "అదేటి సేత్తాది మామ్మా? ఈత కొడతంది" అంది. పెదాల మీద నీళ్ళు నాలుకతో నాక్కుంది.

చిన్నమ్మలు వాకిట్లోకి పరిగెత్తి భళ్ళున కక్కుకుంది. తిరిగి వచ్చి, చుట్ట వెలిగించి, పిల్లని దగ్గరికి లాక్కుని బుగ్గ మీద గట్టిగా ముద్దు పెట్టుకుంది. మొహం కప్పుకుంటుందేమో అని ఎదురు చూసింది. మణి కప్పుకోలేదు. పొగ మొహం మీదకి వస్తున్నా కదలకుండా నవ్వుతూ కూర్చుంది. అప్పటికే వెనక వీధిలో ఇద్దరు పిల్లలు విరేచనాలతో పోయారు.

పెద్దాసుపత్రిలో త్రినాధరావు అని కుర్ర డాక్టరు ఉండేవాడు. కరోనా రోజుల్లో చదువుకుని బయటికి వచ్చినవాడు, రోజూ చిన్నమ్మలు అంబలి తాగే మనిషి. చిన్నమ్మలు మణిని తీసుకుని ఆయన దగ్గరికి వెళ్ళింది.

"బాబూ, దీనికి రోత రప్పించే మందేదైనా ఉందా?"

"లేదమ్మా. ఇంకా ఎక్కడా రాలేదు" అన్నాడు డాక్టరు. "కానీ ఒక సంగతి చెప్తాను విను. పుట్టిన పిల్లకి రోత ఉంటుందా?"

"ఏది దొరికితే అది నోట్లో ఎట్టుకుంటాది. మట్టి తింటాది, పేడ తింటాది."

"మరి తరవాత ఎలా వస్తుంది? అమ్మ మొహం చూసి. పేడ పట్టుకోబోతే అమ్మ మొహం చిట్లిస్తుంది, ఛీ అంటుంది. అలా వందసార్లు, వెయ్యిసార్లు చూసి నేర్చుకుంటుంది. ఈ జ్వరం తల లోపల ఆ చోటుని చంపలేదు, నిద్రపుచ్చింది. పెద్దవాళ్ళ సంగతి నాకు తెలియదు గానీ, పిల్లలకి మళ్ళీ నేర్పితే లేస్తుందేమో. నేర్పడానికి ఎవరి మొహం ఉంది? అందరి మొహాలూ చదునైపోయాయి. పైగా దీనికి పనికిరాకపోయినా అలవాటు కొద్దీ అందరూ మాస్కులు కట్టేశారు. ఇది గాలిలో రాదు, చేతుల మీద నుంచి వస్తుంది. మాస్కుతో రోగం ఆగలేదు, పిల్లలకి మొహాలు కనబడటం ఆగిపోయింది."

చిన్నమ్మలు ఆ నిమిషమే తన మాస్కు పీకి చెత్తబుట్టలో పడేసింది. "నా మొహం సాలదా బాబూ?" అని అడిగింది.

ఆ మొహం మర్నాటి నుంచి ఊరంతటికీ చాకిరీ చేసింది. ప్రభుత్వం వారు పాకెట్ల మీద తేదీ చూసి తినండి అని మైకుల్లో చెప్పారు. పాకెట్టు కట్టిన బిస్కెట్టుకి తేదీ ఉంటుంది గానీ, కుండలో అంబలికి, మూకుట్లో కూరకి, బుట్టలో చేపకి తేదీ ఎక్కడిది? అందుకని అప్పారావు తన కళాసీలందరినీ వరసలో నిలబెట్టి క్యారేజీలు విప్పించేవాడు. చిన్నమ్మలు ఒక్కొక్క గిన్నె మీద వంగి వాసన చూసేది. మామూలు మొహం పెడితే తినేవారు. ఛీ అంటే పారేసేవారు. రెండు రోజులకి కళాసీల పెళ్ళాలు వచ్చారు, ఆ తరవాత వీధుల్లోంచి జనం వచ్చారు. పురుగుల చారు, బల్లి పడిన పాలు, వారం కిందటి చేపల పులుసు. మూత తీసినప్పుడల్లా ఆవిడకి కడుపులోంచి తన్నుకొచ్చేది. "ఇది మనుషులు తినీదేనంట్రా? ఛీ! తీసికెల్లండి! ఛీ!" అని అరిచి, బండి చాటుకి వెళ్ళి కక్కి, నోరు పుక్కిలించి మళ్ళీ వచ్చేది. నెల తిరిగేసరికి ఆవిడే ముద్ద మింగలేక పుల్లలా తయారైంది. ఎవరినీ పొమ్మనలేదు. తిట్టకుండానూ పంపలేదు.

ఒక హోటలాయన వచ్చి, రోజూ తన గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చోమన్నాడు. మొహం మాత్రం మామూలుగా పెడితే చాలట, రెండు పూటలా మీల్స్ పెడతానన్నాడు. చిన్నమ్మలు ఆయన్ని కిందనుంచి పైదాకా చూసి, "నీ ఓటలు మీద కాదు, నీ మీదే వత్తంది నాకు డోకు" అని చెప్పి చీపురు తీసింది.

ఇదంతా ఒక ఎత్తు. ఆవిడ అసలు పని రోజూ పొద్దున్న ఆరు గంటలకి ఇంట్లో మొదలయ్యేది. మూడు స్టీలు గిన్నెలు మణి ముందు పెట్టేది. ఒకదాంట్లో తాజా అంబలి, ఒకదాంట్లో నిన్నటి పుల్లటిది, ఒకదాంట్లో కావాలని ఎండలో పెట్టి కుళ్ళబెట్టినది. రోజుకోసారి చోట్లు మార్చేది. తనే ఒక్కొక్కటీ వాసన చూసి మొహం పెట్టి చూపించేది. కుళ్ళిన గిన్నె దగ్గర ముక్కు చిట్లించి, పెదవి ఎత్తి, నాలుక బయటికి పెట్టి, "ఛీ" అనేది. "ఇప్పుడు నువ్వు సెప్పు."

వారం రోజుల్లో మణి తప్పు చెప్పడం మానేసింది. "ఇది ఛీ, మామ్మా" అని సరిగ్గా కుళ్ళినదాన్నే తోసేసేది. ముక్కు కూడా అచ్చం మామ్మలాగే చిట్లించేది. ఇరవై రోజులు ఒక్కసారి కూడా తప్పు లేదు. చిన్నమ్మలు డాక్టరుకి చెప్పింది, అప్పారావుకి చెప్పింది, దారిన పోయేవాళ్ళకి చెప్పింది.

ఇరవై ఒకటో రోజు కట్టెలు పచ్చివై పొయ్యి పొగ చిమ్మింది. కళ్ళు మండి చిన్నమ్మలు కొంగు మొహం మీద కప్పుకుంది. కప్పుకునే, "సెప్పవే, ఏది ఛీ?" అని అడిగింది. మళ్ళీ అడిగింది.

"కొంగు తియ్యి మామ్మా, సెప్తాను" అంది మణి.

కొంగు చాటున చిన్నమ్మలుకి అప్పుడు తెలిసింది. ఇన్నాళ్ళూ పిల్ల గిన్నెలు చూడలేదు. మామ్మ మొహం చూసి, అది ఏ గిన్నె దగ్గర ముడుచుకుందో చూసి చెప్పింది. కొంగు తియ్యకుండానే, "పోనీ నీకు నచ్చిందేదో తాగు" అంది. చప్పరించిన చప్పుడు విని కొంగు లాగేసి చూస్తే, పిల్ల నోటి దగ్గర కుళ్ళిన గిన్నె ఉంది. చిన్నమ్మలు గిన్నె లాగేసుకుని, కూలబడి, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.

డాక్టరు తప్పుపట్టలేదు. "చంటిపిల్లలు కూడా ముందు అలాగే చూసి చేస్తారమ్మా. చేసి చేసి, ఒకరోజు సొంతంగా వస్తుంది."

"రాపోతే?"

"రాకపోతే నీ మొహం చూసే బతకాలి."

"నా మొగం ఎన్నాల్లుంటాది బాబూ? నేను పోతే ఇది ఎవరి మొగం సూసుకుంటాది?" అంది చిన్నమ్మలు. మూడు గిన్నెలు మానలేదు గానీ, ఆ రోజు నుంచి ఆవిడ ఛీలో కోపం కన్నా భయం ఎక్కువైంది.

మే నెలాఖర్లో అకాల వర్షం పడింది. చిన్నమ్మలు బండి దగ్గర తడిసింది. ఆ రాత్రి ఒళ్ళు వెచ్చబడింది. "వానలో తడిసేను, అంతే. నాకు ఆ జొరం రాదు. వచ్చీదైతే ఎప్పుడో వచ్చును" అంది. అందరూ నమ్మారు. అందరికన్నా ఎక్కువ తనే నమ్మింది. తన ముక్కు మీద ఆవిడకి ఉన్న నమ్మకం అలాంటిది. మూడు రోజులు బండి మూతపడింది. మూత పెట్టిన కుండ ఇంట్లో మూడు రోజులు ఆ ఉక్కలో అలాగే ఉంది.

నాలుగో రోజు పొద్దున్న లేచేసరికి ఒళ్ళు తేలిగ్గా ఉంది. గుమ్మంలో అప్పటికే అప్పారావు, ఇంకో నలుగురు కళాసీలు గ్లాసులతో నిలబడి ఉన్నారు.

"మూడు రోజులైంది అప్పా, కడుపు సల్లబడి. కాసింత పొయ్యి."

"ఉండండ్రా, సూడనీండి" అని చిన్నమ్మలు కుండ ముందు కూర్చుని మూత తీసింది. పైన పచ్చటి బూజు చాపలా అల్లుకుని ఉంది. దాని మధ్యలో తెల్లటి పురుగులు లుకలుకలాడుతున్నాయి. ఆవిడ చూసింది. అలవాటు ప్రకారం మొహం కుండ మీద పెట్టి వాసన పీల్చింది. ఘాటుగా తగిలింది. కొంచెం ఎక్కువ పులిసింది, ఫరవాలేదు అనుకుంది. మడ్డి తీసినట్టు గరిటెతో బూజు పక్కకి తోసి, కింద ఉన్నది ముంచింది. కళాసీలు కుండలోకి చూడలేదు. చూసినా వాళ్ళకి తెలిసేది కాదు. ఎప్పటిలాగే ఆవిడ మొహం చూశారు. ముక్కు చిట్లలేదు, పెదవి లేవలేదు. అయిదు గ్లాసులు ముందుకొచ్చాయి.

మణి అప్పుడే వేపపుల్ల నములుతూ పెరట్లోంచి లోపలికి వచ్చింది. మామ్మ మొహం చూడలేదు, మామ్మ అటు తిరిగి ఉంది. రెండడుగులు వేసి ఆగిపోయింది.

"ఛీ! ఏటిది? ఛీ, ఛీ!" అంది. పుల్ల కింద పడేసింది. "పొయ్యకు మామ్మా!"

"ఏటే నీ గోల, బానే ఉంది" అని చిన్నమ్మలు గరిటె ఎత్తింది.

మణి ఒక్క దూకు దూకి కుండని కాలితో తన్నింది. పాతికేళ్ళ కుండ. మొగుడు సింహాచలం చనిపోయిన ఏడాది సంతలో కొన్న కుండ. దొర్లి, గుమ్మానికి కొట్టుకుని, రెండు చెక్కలైంది. బూజూ పురుగులూ కళాసీల కాళ్ళ మీదుగా పారాయి. చిన్నమ్మలుకి ఒళ్ళు మండిపోయి, కొట్టడానికి చెయ్యి ఎత్తి పిల్ల వైపు తిరిగింది.

పిల్ల మొహం చూసింది. ముక్కు చిట్లి ఉంది. పై పెదవి పళ్ళ మీదకి లేచి ఉంది. కళ్ళలో నీళ్ళు. మరుక్షణం మణి గుమ్మం పట్టుకుని వంగి, పేగులు బయటికి వచ్చేలా కక్కుకుంది.

ఛీ అని ఎవరైనా నటించొచ్చు. డోకు నటించడం ఎవరి తరమూ కాదు. చిన్నమ్మలు ఎత్తిన చెయ్యి దించింది. ముందు పిల్లని చూసింది. తరవాత నేల మీద పాకుతున్న పురుగుల్ని చూసింది. వాటిని చూస్తే తనకి కడుపులో ఏమీ కదలలేదు. వానలో తడిసిన జ్వరం కాదని అప్పుడు తెలిసింది. పిల్లకి రోత తిరిగి వచ్చిందన్న సంగతీ, తనకి పోయిందన్న సంగతీ ఒకేసారి తెలిశాయి.

"గ్లాసులు దించండ్రా" అంది నెమ్మదిగా. "నా మొగం సూడకండి. దాని మొగం సూడండి."

అప్పారావు గ్లాసు దించి పిల్ల మొహం వైపు చూశాడు. చిన్నమ్మలు పిల్ల దగ్గరికి వెళ్ళి, నోరు కడిగి, రెండు చేతుల్లోకి తీసుకుని ఏడుస్తూ, నవ్వుతూ బుగ్గ మీద ముద్దు పెట్టుకుంది. మణి రెండు చేతులతో మొహం కప్పుకుంది.

"ఛీ, సుట్ట కంపు! దూరంగా జరుగు మామ్మా!"

"ఇంకోపాలి అనవే" అంది చిన్నమ్మలు. "మా యమ్మే, ఇంకోపాలి అను."

ఆ రోజు నుంచి చుట్ట మానేసిందని రాస్తే బాగుండును గానీ మానలేదు. మణి దగ్గరికి వెళ్ళే ముందు నోరు పుక్కిలించడం మాత్రం నేర్చుకుంది. ఆ కంపు ఎలాంటిదో తనకి తెలియదు, పిల్ల మొహం చెప్పింది కాబట్టి నమ్మింది. సంతకెళ్ళి కొత్త కుండ తెచ్చారు. ఇప్పుడు బడికి వెళ్ళేముందు మణి బండి దగ్గర ఆగి కుండ మీద వంగి వాసన చూస్తుంది. కళాసీలతో పాటు చిన్నమ్మలు కూడా ఆ పిల్ల మొహం వైపే చూస్తూ నిలబడుతుంది.

పెద్దవాళ్ళకి మళ్ళీ వస్తుందో రాదో డాక్టరు చెప్పలేనన్నాడు. మణి ఆయన్ని అడగలేదు. రోజూ పొద్దున్న ఆరు గంటలకి మూడు స్టీలు గిన్నెలు మామ్మ ముందు పెడుతుంది, ఒక్కొక్కదాని దగ్గరా మొహం పెట్టి చూపిస్తుంది. ఆ తరవాత మామ్మని అటు తిరగమని గిన్నెల చోట్లు మార్చి, చున్నీ తీసి తన మొహం మీద కప్పుకుంటుంది.

"ఇప్పుడు నువ్వు సెప్పు మామ్మా. ఏది ఛీ?"

చిన్నమ్మలు మూడూ వాసన చూస్తుంది. చాలాసేపు ఆలోచిస్తుంది. ఇవాళ కూడా తప్పు గిన్నే చూపించింది. మణి గిన్నెల చోట్లు మార్చి మళ్ళీ పెట్టింది.